హెడ్‌సెట్ కలుస్తలేదు

సిరిసిల్లలో ఒక పవర్‌లూమ్ షెడ్డు వెనుక రెండు గదుల ఇల్లు. పొద్దున పది దాటింది. బాలరాజు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అతని భార్య స్వప్న భర్త ఫోన్ చేతిలో పట్టుకొని, కోరుట్లలో కంప్యూటర్ షాపు నడిపే తమ్ముడు క్రాంతితో మాట్లాడుతున్నది. ఫోన్ స్పీకర్లో ఉంది.

“కలవలేదా అక్కా?”

“కలవలేదు తమ్మీ. తిరుగుతుంది, తిరుగుతుంది, మల్ల పోతుంది.”

“హెడ్‌సెట్ పేరు పక్కన ఏం రాసి ఉంది?”

“డిస్కనెక్టెడ్.”

“ఇంకొకసారి దాని మీద ఒత్తు. సెట్టింగ్స్‌లనే ఉన్నవ్ గద? బ్లూటూత్ కాడ?”

“ఆడ్నే ఉన్న. ఒత్తిన. తిరుగుతుంది… పోయింది.”

“ఏమంటుండే నీ తమ్ముడు?”

“మల్ల ఒత్తుమంటుండయ్యా.”

“ఒత్తుతనే ఉన్నం గద పొద్దటి సంది! మంది కంప్యూటర్లల్ల ఒక్క ఒత్తుకు కలుస్తది. నీ తమ్ముడు మనకిచ్చిన డబ్బాల గా ఏందది, ఉంబుటు—”

“ఉబుంటు బావా, ఉబుంటు. కంప్యూటర్ నడిపిచ్చే సాఫ్ట్‌వేర్ గది. ఫ్రీగ అస్తది, అయినా దొంగ మాల్ కాదు. గా పాత డబ్బాల ఇంకోటి వేస్తే లేవనే లేవది.”

“ఏమంటుండు?”

“పాత కంప్యూటర్‌కు గిదే మంచిదట.”

“ఫ్రీగ అచ్చినదాంతోని నా నౌకరి పోయేటట్టున్నది ఇయ్యాల. చెప్పు నీ తమ్మునికి.”

“అక్కా, ఫోన్ స్పీకర్ల పెట్టిన్నన్నవు. బావకు ఇనవడుతలేదా?”

“పెట్టిన. నీ మాట కట్టయితుంది.”

“నాది కట్టయితుందా? నాకు మీ ఇద్దరి మాట మంచిగనే ఇనవడుతుంది. ఒక్కసారి బావకియ్యి, నేరుగ చెప్త. మొన్న నేను అచ్చినప్పుడు ఒక్కసారికే కలిసింది గది.”

“ఇగో, నీకియ్యుమంటుండు ఫోను.”

“నాకెందుకు? నా చేతులు ఖాళీ లేవు. నువ్వే మాట్లాడు. మీ అక్కాతమ్ముళ్ల ముచ్చట్లు మీకే తెలుస్తయి.”

“చేతులు ఖాళీ లేవట తమ్మీ.”

“ఇన్న. ఏం చేస్తుండు చేతులతోని?”

“బొత్తాలు పెట్టుకుంటుండు. ఇస్త్రీ అంగీ వేసిండు. తల దువ్వుకున్నడు. కంపెనీ సాబు ముందర కూసోవాలె గద.”

“గల్ఫ్ నౌకరి ఇంటర్వ్యూ పదకొండుకే గద? జగిత్యాల ఏజెంటు లింక్ పంపిండా?”

“నిన్ననే పంపిండు. హెడ్‌సెట్ పెట్టుకొనే కూసోవాలెనన్నడట. ఉత్త కంప్యూటర్ స్పీకర్‌తోని అయితే సాబులు మాట్లాడరట.”

“అయితే తొందర చెయ్యాలె. హెడ్‌సెట్ చేతిలకు తీస్కో. పక్కన బటన్ ఉంటది, ఒత్తి పట్టుకో. లైటు ఎర్రగ, నీలంగ మార్చి మార్చి కొట్టుకునేదాంక వదలకు.”

“పట్టుకున్న.”

“కొట్టుకుంటుందా?”

“ఆ.”

“ఎర్రగ, నీలంగ?”

“ఆ, ఆ. కొట్టుకుంటుంది.”

“ఏమే, గీ లైటు నీలంగ గట్లనే నిలబడ్డది. గది మంచిదేనా?”

“ఏమన్నడక్కా బావ? నిలబడ్డదన్నడా?”

“ఇప్పుడు నిలబడ్డది. ఇందాక కొట్టుకున్నది.”

“నిలబడ్డదంటే ఇంకో దేనికో కలిసి ఉన్నట్టు. ఒకటి పట్టుకుంటే రెండోదానికి చిక్కది గది.”

“ఏమంటుండు?”

“కలవడానికి తయారుగ ఉన్నదంటుండు.”

“ఇటు తే, నేను ఒత్తుత. నీ చేతిల బలం లేదు.”

“నీకు తెల్వదు, బటన్ ఇరుగుతది. మగ్గం కాదది.”

“అక్కా, ఇను. గా హెడ్‌సెట్ నీదే గద? బీడీలు చేసుకుంట పాటలింటవ్ దాంట్ల. నీ ఫోన్ ఏది?”

“ఛార్జింగ్ అయిపోయి బంద్ అయింది. గందుకే మీ బావ ఫోన్‌తోని చేసిన.”

“ఛార్జింగ్ పెట్టలేదా?”

“పెట్టలే. ఇప్పుడు దాని ముచ్చటెందుకు? ఇంకేం చెయ్యాలెనో చెప్పు.”

“పూర్తిగ బంద్ అయిందా?”

“అయిందన్న గద!”

“సరే, సరే. కోపానికి రాకు. నల్ల తెర తీద్దాం. కంట్రోల్, ఆల్ట్, టీ మూడు కలిపి ఒత్తు.”

“అచ్చింది. నల్లగ.”

“బ్లూటూత్ అని కొట్టు, చిన్న అక్షరాలు. దానికి ఆనిచ్చి సీ, టీ, ఎల్. మధ్యన జాగ వదలకు.”

“కొట్టిన.”

“ఎంటర్. ఇప్పుడు డివైసెస్ అని కొట్టు. హెడ్‌సెట్ పేరు ముందర రెండు రెండు చుక్కలతోని అంకెలు, అక్షరాలు అస్తయి.”

“అచ్చినయి. చాంతాడంత ఉన్నది.”

“గది పూర చూసి కొట్టాలె. ముందర కనెక్ట్ అని కొట్టి, జాగ వదిలి, గది. ఒక్క అక్షరం తప్పినా కుదరది.”

“ఎంతసేపే? గా చిట్టీలు రాసుడు ఎంతసేపు?”

“అయిపోతదయ్యా. జెర ఓపిక పట్టు.”

“నలభై నిండితే గీ కంపెనీ తీసుకోదన్నడు ఏజెంటు. నాకు అచ్చే నెలల నిండుతయి. ఇయ్యాల తప్పితే నేను మల్ల క్రేన్ ఎక్కుడు ఉండది. నువ్వు ఓపిక పట్టుమంటవ్.”

“అక్కా, బావ మాట ఇంటె నాకే భయమైతుంది. కొట్టినవా?”

“కొట్టిన. ఎర్రగ ఏదో అచ్చింది.”

“చదువు.”

“ఫెయిల్డ్ టు కనెక్ట్. ఆ తర్వాత ఏందో ఉన్నది… కొసకు పేజ్ టైమౌట్ అని రాసింది.”

“పేజ్ టైమౌటా? అంటే కంప్యూటర్ పిలుస్తుంది, అటుకెళ్లి పలుకుతలేదన్నట్టు.”

“ఏమంటుండు?”

“పిలిస్తే పలుకుతలేదట.”

“ఎవలు?”

“హెడ్‌సెట్.”

“నీ తమ్ముని జెర గట్టిగ మాట్లాడుమనే! గీ మగ్గాల సప్పుడుల ఒక్క ముక్క సమజైతలేదు నాకు.”

“…అక్కా.”

“ఆ.”

“మీ షెడ్డు నడుస్తుందా?”

“ఏ, లేదు. అమావాస్య గద. మగ్గాలన్ని బంద్.”

“గందుకే నాకు సప్పుడు రాలే. మరి బావకు ఏం సప్పుడు ఇనవడుతుంది?”

“అలవాటు మాట. నోట్లెకెళ్లి అచ్చింది.”

“అక్కా, బావకు చెవులు—”

“పని చూడు తమ్మీ. టైమ్ అయితుంది.”

“సరే. ముందుగాల ఏజెంటు పంపిన లింక్ తెరువు. కెమెరా ఆన్ పెట్టు. జాయిన్ అని నీలం బటన్ ఉంటది, దాన్ని ఒత్తకు, ఆడికి ఆపు. హెడ్‌సెట్ కలిసినంక ఒత్తుదాం.”

“తెరిచిన. మీ బావ మొకం అచ్చింది తెరంత.”

“మంచిగున్ననా?”

“మంచిగున్నవయ్యా.”

“అంగీ కాలర్ లేసిందా? ఇటు తే గది. చెవులకు పెట్టుకొని కూసుంట. అది ఎప్పుడు కలిస్తే అప్పుడు కలుస్తది.”

“ఆగు, ఇంక కలవలే—”

“కలవకున్నా పెట్టుకుంట. సాబు అచ్చేసరికి నెత్తి మీద ఉండాలె. ఉత్త నెత్తితోని కూసుంటే ఏమనుకుంటడు?”

“అక్కా, ఒక్క నిమిషం లైన్ల ఉండు. షాపుల ఇంకో ఫోన్ ఉన్నది, ఒకటి చూస్త.”

“ఏం చూస్తవ్?”

“ఉండు.”

“ఏమంటుండు?”

“ఉండుమంటుండు.”

“ఉంటనే ఉన్నం గదా! ఇగ ఎప్పుడు… ఆగు. ఆగు ఆగు. మోగుతుంది! చెవుల మోగుతుందే! కలిసింది!”

“ఏది?”

“ట్రింగ్ ట్రింగ్ అంటుంది. కుడి దిక్కు. మంచిగ మోగుతుంది! ఉబుంటు ఉబుంటు అని తిట్టిన గని, కలిసింది సూడు! ఇగ ఒత్తు గా నీలం బటన్! …ఆగింది. ఏమైందే? ఎందుకాగింది?”

“కలుస్తప్పుడు గట్ల మోగుతదయ్యా. ఇంక పూర కలవలే. నువ్వు తెర మీదికే చూడు, కదలకు. నేను తమ్మునితోని మాట్లాడుత.”

స్వప్న ఫోన్ పట్టుకొని భర్త కుర్చీ వెనుకకు పోయి నిలబడింది.

“అక్కా. గది కంప్యూటర్ మోత కాదు. నీ ఫోన్ రింగ్. నీ నంబర్‌కు నేనే కొట్టిన. ఛార్జింగ్ లేదన్నవు. బంద్ అయిందన్నవు. ఏడ పెట్టినవ్?”

“వంటింట్ల. పప్పు డబ్బా ఎనుక.”

“అక్కా!”

“నా మీద ఒర్రకు.”

“ఒర్రక? నేను కోరుట్లల గిరాకీ వదిలిపెట్టి నీతోని కుస్తీ పడుతున్న. గాడ బావ ఇస్త్రీ అంగీ వేసుకొని కూసున్నడు. నువ్వేమో లైటు కొట్టుకుంటుందని అబద్ధం చెప్తివి! మెల్లగ మాట్లాడు, బావ ఇంటడు.”

“ఇనడు.”

“పక్కనే ఉన్నడు గదా?”

“ఎనుక నిలబడ్డ. ముందర నిలబడితేనే ఆయనకు తెలుస్తది. మూతి చూస్తడు. మగ్గాలకాడ అందరు గట్లనే గద మాట్లాడుకునేది, గా సప్పుడుల. పొల్లగాడున్నప్పటి సంది అలవాటు. గందుకే ఎవలకు ఎర్కలేదు. నాకు ఎర్కైందే పోయినేడు.”

“దుబాయికెళ్లి అచ్చినప్పుడు మంచిగనే ఉండె గదా?”

“దోహా. ఆడికెళ్లి అచ్చినంక మల్ల మగ్గాల మీదనే పడ్డడు గద. ఒక్కడే ఎన్ని మగ్గాలు చూస్తుండె! ఎడమ చెవు పూర పోయింది. కుడి చెవుల నోరు పెట్టి అరిస్తే ఇంటడు. షెడ్డు బంద్ ఉన్నా ఆయన చెవులల్ల మగ్గాలు నడుస్తనే ఉంటయి.”

“అయితే ఇంటర్వ్యూల ఎట్లైనా దొరికిపోతడు. నువ్వెందుకు దాచుడు ఫోను?”

“దొరకడు. గదే నా భయం. మొన్న నువ్వు కలిపినప్పుడు చూసిన. గా హెడ్‌సెట్ల సప్పుడు పూర పెంచితే ఇంటడు. సాబు అడిగితే టకటక చెప్తడు. పాసైతడు తమ్మీ.”

“పాసైతే మంచిదే గదనే!”

“ఏం మంచిదిరా? క్రేన్ల గంత ఎత్తుల కూసుంటడు. కింద మనిషి చీమంత కనవడుతడు. వాకీటాకీల ఆపుమంటే ఆపాలె, దించుమంటే దించాలె. మూతి కనవడుతదా ఆడికెళ్లి?”

“ఏం మాట్లాడుతున్నరే గంత సేపు?”

“…ఏమంటున్నవయ్యా?”

“ఏం ముచ్చట అంటున్న.”

“టవర్ అందుతలేదట. జెరసేపు ఆగుమంటుండు.”

“ఆగుత.”

“అక్కా, పోయేముందు మెడికల్ ఉంటది. డాక్టర్ చూస్తడు—”

“దానికి కూడ ఏదో ఉపాయం చేస్తడు. ఇంట్ల నన్నే రెండేండ్లు నమ్మిచ్చిండు.”

“మరి ఆయనతోనే నేరుగ చెప్పాలె. కూసోపెట్టి చెప్పాలె.”

“చెప్పలేదా? మగ్గాల సప్పుడన్నడు, జలుబన్నడు, నువ్వే నోట్ల గొణుగుతున్నవన్నడు. ఇంకేం చెప్పాలె? విఠల్ ముచ్చట చెప్పాల్నా?”

“ఏ విఠల్? బెల్టుల పడి చెయ్యి పోయినాయననా?”

“మీ బావది పక్క మగ్గమే. ఈయన అటు తిరిగి నూలు కండె మారుస్తుండె. గీన్నుంచి గా గోడంత దూరం. విఠల్ అరిచిండు. బయట చాయ్ హోటల్ కాడ ఉన్నోళ్లకు ఇనవడి ఉరికచ్చిండ్రు. ఈయన తిరగలే. మగ్గం బంద్ చేసే స్విచ్చు ఈయన చేతికందేటట్టు ఉన్నది, తెలుసా? చేతికందేటట్టు.”

“బావకు తెల్వదా?”

“విఠలే చెప్పద్దన్నడు. నోరు మెదపకుంట కండ్లు తిరిగి పడ్డనని చెప్పుండ్రి అన్నడు. షెడ్డంత గదే చెప్పింది. నేను కూడ గదే చెప్పిన. బాలన్నా, బాలన్నా అని పిలిచిండటరా. మూడుసార్లో, నాలుగుసార్లో…”

“ఏడ్వకు అక్కా. ఇటు ఇను. ఏడ్వకు.”

“ఏడుస్తలేను.”

“నువ్వన్నది నిజమే గని, గిది తప్పు. ఆయనతోని కొట్లాడు. అలుగు. వీసా కాయిదం చింపు. గిట్ల ఎనుక నిలబడి ఆయనను పిచ్చోన్ని చేసుడు కాదు. రేపు ఉబుంటు మీద నెడుతడు, నా మీద నెడుతడు, లోకం మీద నెడుతడు. ఇంకో ఏజెంటును పట్టుకుంటడు.”

“కొట్లాడితే ఆగుతడా?”

“ఆగకపోవచ్చు.”

“మరి?”

“…నాకు తెల్వదక్కా. పదకొండు కొట్టింది.”

“స్వప్నా.”

“ఆ… ఆ, ఏందయ్యా?”

“నీలం బటన్ నేనే ఒత్తిన. సాబు అచ్చిండు. మూతి కదులుతుంది.”

“హెడ్‌సెట్ ఇంక—”

“పోయి నీ ఫోన్‌ల బ్లూటూత్ బంద్ చేసి రా.”

“…ఏ ఫోను?”

“పప్పు డబ్బా ఎనుకది.”

“అక్కా? అక్కా, ఏమైంది? ఏమంటుండు?”

“ఫోన్ల బ్లూటూత్ బంద్ చెయ్యిమంటుండు.”

“ఆయనకెట్ల తెలిసింది?”

“నాకేం ఎర్క.”

“మరి చెయ్యి! నిలబడి చూస్తవేంది, చెయ్యి!”

“…చేసిన. బంద్ చేసిన.”

“కంప్యూటర్ల హెడ్‌సెట్ పేరు మీద ఒత్తు.”

“ఒత్తిన. తిరుగుతుంది. తిరుగుతుంది… కనెక్టెడ్.”

“సౌండ్‌లకు పో. హెడ్‌సెట్ హెడ్ యూనిట్ అని ఉంటది, గది పెట్టు. లేకుంటే మైకు పట్టది, ఈయన మాట అటు పోదు.”

“పెట్టిన.”

“హలో… సలామ్ సాబ్. హా సాబ్, ఆవాజ్ ఆ రహా. బరాబర్ ఆ రహా.”

“అక్కా, ఏమంటుండు?”

“ఇనవడుతుందంటుండు.”

“బాలరాజు సాబ్. సిరిసిల్ల… సాత్ సాల్ సాబ్, దోహా మే. టవర్ క్రేన్… హా, లైసెన్స్ హై.”

“ఏమంటుండు?”

“ఏడేండ్లు క్రేన్ నడిపిన్నని చెప్తుండు.”

“వాకీ? …వాకీ పే కామ్ కియా సాబ్, పహలే. అబ్ నహీ హోతా. కాన్ ఖరాబ్ హై… నహీ నహీ, వాకీ నహీ. మేరా కాన్.”

“అక్కా, ఏమంటుండు? బావ ఏమన్నడు?”

“చెవులు పోయినయంటుండు.”

“ఎవలతోని?”

“సాబుతోని.”

“అభీ సునాయి దే రహా సాబ్, ఏ పూరా ఫుల్ పే హై. ఊపర్ సే క్యా సునూంగా? నీచే ఆద్మీ రహతే… నహీ సాబ్. మాఫ్ కర్నా. షుక్రియా.”

“అక్కా? ఇప్పుడేమన్నడు?”

“పైకెళ్లి ఇనవడది, కింద మనుషులుంటరు అన్నడు. పెట్టేస్తున్న తమ్మీ.”

“ఆ. పెట్టెయ్ అక్కా.”

“తియ్యి గిది నెత్తి మీదికెళ్లి. చెమట పట్టింది. నీ హెడ్‌సెట్ నువ్వే పెట్టుకో, పాటలినుకో.”

“ఎందుకు చెప్పినవయ్యా? కలిసింది గద. ఇనవడ్డది గద.”

“కలవకపోతే నీ తమ్ముని డబ్బా మీద నెట్టేటోన్ని. కలిసినంక ఎవల మీద నెట్టాలె?”

“నీకెట్ల… నేను ఎనుక ఉంటి గదా.”

“తెరంత నా మొకమే ఉందా? నా భుజం మీదికెళ్లి నీ మొకం. నువ్వు నా ఎనుక నిలబడ్డననుకున్నవ్. నాకు ముందర్నే ఉన్నవ్.”

“ఏ మాట కాడికెళ్లి చూసినవ్?”

“పప్పు డబ్బా కాడికెళ్లి.”

“మొత్తమా?”

“ఏడుసుకుంట కొంగు అడ్డం పెట్టుకున్నవ్ సూడు. గాడ తప్పిపోయింది.”

“నేను నీ మంచికే—”

“ఎర్కనే. గా ముచ్చట ఇడువు. విఠల్ నోరు మెదపకుంట పడ్డడన్నరు మీరందరు. దవఖానల వాడు కూడ గదే అన్నడు. నా చెయ్యి పట్టుకొని అన్నడు, ఉన్న ఒక్క చేత్తోని.”

“వాడే చెప్పద్దన్నడు.”

“అరిచిండని నీ మూతి మీద చూసిన. అరిచినంక ఏమన్నడు?”

“ఇప్పుడెందుకయ్యా గది. అయిపోయినదాన్ని—”

“ఎవలనన్న పిలిచిండా? అటు తిరగకు, స్వప్నా. ఇటు తిరిగి చెప్పు.”